పంచసూనలు – నేటి గృహజీవనము: నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతముల గృహాచార పరిశీలన

ప్రస్తావన

గృహస్థాశ్రమమును తక్కిన ఆశ్రమములకు ఆధారముగా నెంచిన ధర్మశాస్త్రకారులే ఆ యాశ్రమమునందు నిత్యము జరుగు హింసను గూడ లెక్కించి చెప్పిరి. మనుస్మృతి తృతీయాధ్యాయమున గృహస్థునకు ‘పంచసూనలు’ గలవని చెప్పబడినది. ‘సూన’ యనగా వధస్థానము. చుల్లి, పేషణి, ఉపస్కరము, కండని, ఉదకుంభము అనునవి ఆ యైదు. తెలుగున చెప్పవలసినచో పొయ్యి, విసురురాయి, చీపురు మున్నగు ఇంటి సామగ్రి, రోలు రోకళ్ళు, నీళ్ళకడవ. ‘ఉపస్కర’ శబ్దమునకు కుల్లూకభట్టు కుండ, సమ్మార్జని మొదలగు గృహోపకరణములని అర్థము చెప్పెను.

పొయ్యిలో కట్టెతోపాటు పురుగు కాలును. విసురురాతి నడుమ ధాన్యపు పురుగు నలుగును. చీపురు దెబ్బకు చీమ చచ్చును. ఈ హింస బుద్ధిపూర్వకము కాదు, అయినను జరుగుచున్నది. దీనికి నిష్కృతిగా బ్రహ్మ, పితృ, దేవ, భూత, మనుష్య యజ్ఞములను ఐదింటిని దినదినము చేయవలెనని విధి.

ఈ భావనయందు రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది, వండుకొని తిను ప్రతి కుటుంబము ఏదో యొక హాని చేయక తప్పదను అంగీకారము. రెండవది, ఆ హానిని మరువక లెక్కించి, ఏ దిక్కున దీసికొనిరో ఆ దిక్కునకు కొంత తిరిగి యియ్యవలెనను నియమము. పర్యావరణము, ఆరోగ్యము అని నేడు వేరువేరుగా వ్యవహరింపబడు రెండు విషయములును గృహమునందు ఒక్కచోటనే కలిసియుండుటను ఈ పంచసూనా భావన చక్కగా చూపగలదు.

అయితే ప్రాచీనమైన ఈ లెక్కలో ఒక కొరత గలదు. పొయ్యిలో కాలిన పురుగు లెక్కకు వచ్చినది గాని, ఆ పొయ్యిని ఊదిన ఇల్లాలి ఊపిరితిత్తులు లెక్కకు రాలేదు. విసురురాయి, రోకలి, కడవ, చీపురు – ఈ నాలుగింటి శ్రమయు విశేషముగా స్త్రీలపైననే పడినది. ప్రాయశ్చిత్తమైన యజ్ఞములకు కర్త మాత్రము గృహస్థుడైన పురుషుడు. కావున నేడు పంచసూనలను తిరిగి పరిశీలించునపుడు ఆ స్థానములయందు పనిచేయు మనిషి దేహమును గూడ లెక్కలో చేర్చుట ఆవశ్యకము. ఈ దృష్టితో నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతముల గృహాచారములలో గ్రాహ్యములేవో, త్యాజ్యములేవో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

ప్రాంత స్వరూపము

తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందూనది పారు నల్లరేగడి నేల – ఇది ఈ ప్రాంతపు సంగ్రహ స్వరూపము. నంద్యాల చుట్టును నవనందులు వెలసియున్నవి. ఆళ్ళగడ్డకు సమీపమున అహోబిల క్షేత్రము, అచట భవనాశినీ ప్రవాహము గలవు. చిరకాలము కర్నూలు జిల్లాలో నుండిన ఈ రెండు పట్టణములును 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరినవి. 1863–1870 నడుమ మద్రాసు ఇరిగేషన్ కంపెనీ త్రవ్వించిన కర్నూలు–కడప కాలువ ఈ లోయ గుండ సాగును. ఆ కంపెనీ నుండి ప్రభుత్వము 1882లో దానిని స్వాధీనము చేసికొన్నది. కాలువ నీరు పారిన చోట్ల జొన్న, కొర్ర పండు చేలలోనికి వరి వచ్చెను. పొలమునందలి ఈ మార్పు వంటయింటను, తిండియందును మార్పు తెచ్చినది. అడవి, కాలువ, నల్లరేగడి అను ఈ మూటి ప్రభావమును పంచసూనలు ఐదింటను గుర్తింపవచ్చును.

చుల్లి

ఈ ప్రాంతమున పొయ్యికి ఇంధనము చేలనుండియు అడవినుండియు వచ్చెడిది. పత్తికట్టె, కందికంప, జొన్నకొయ్యలు, పిడకలు, అడవి కట్టెలు ప్రధానములు. పూర్వపు మట్టిమిద్దెలలో పొగ పోవుటకును వెలుతురు వచ్చుటకును పైకప్పున విడిచిన రంధ్రమునకు రాయలసీమ వ్యవహారమున ‘గవాచి’ యని పేరు. ఇది సంస్కృత ‘గవాక్ష’ శబ్దభవము. పెద్దపొయ్యి ప్రక్కనే దాని మంట సోకునట్లు కట్టు ‘కొడిపొయ్యి’ మరియొక తెలివైన ఏర్పాటు. అన్నము ఉడుకుచుండగా మిగులు వేడిమితో కూరయో, నీళ్ళో కాగును. ఇంధనమును వృథా చేయరాదను భావము దీనియందు స్పష్టము.

కాని గవాచి యున్నంత మాత్రమున పొగ బాధ తీరినదని చెప్పరాదు. కట్టె, పిడక సంపూర్ణముగా కాలకపోవుటచే వెలువడు సూక్ష్మధూళి, కార్బన్ మోనాక్సైడు ఊపిరితిత్తులను, గుండెను, కండ్లను దెబ్బతీయును. కిర్క్ స్మిత్ మున్నగువారు గుజరాతు గ్రామములలో వంటచేయు స్త్రీలు పీల్చు పొగను కొలిచి 1983లో ఫలితములను ప్రకటించిన పిదప ఈ విషయము ప్రపంచ దృష్టికి వచ్చెను. ఇంటిలోని పొగ కారణముగా 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షల మరణములు సంభవించినవని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. ఆంధ్రప్రదేశమున 1999లో ఆరంభమైన దీపము పథకమును, దేశమంతట 2016లో ఆరంభమైన ఉజ్జ్వల యోజనయు గ్యాసుపొయ్యిని పేదయిండ్లకు చేర్చినవి. అయినను సిలిండరు వెల భారమైన చోట్ల గ్యాసుపొయ్యి ప్రక్కనే కట్టెపొయ్యియు వెలుగుచుండుట కలదు. వేడినీళ్ళకు, సంగటికి, పండుగ వంటలకు కట్టెలు, కాఫీకి గ్యాసు – అను విభాగము అనేక గృహములలో నడచుచున్నది.

ఇట్టి స్థితిలో పాటింపదగిన అలవాట్లు సులభములైనవే. కందిబేడలను వండుటకు ముందు గంటసేపు నానవేసినచో త్వరగా ఉడుకును. పాత్రపై మూత యుంచుట, ఎసరు మరిగిన వెంటనే మంట తగ్గించుట రెండవది. మూతలేని పాత్రలో నీరు సుమారు 100 డిగ్రీల సెల్సియసు వద్ద మరుగును. ఆపై మంట ఎంత హెచ్చించినను నీరు ఆవిరియగునే గాని అంతకన్న వేడెక్కదు. కుక్కరులో ఒత్తిడిచే సుమారు 120 డిగ్రీల వరకు వేడిమి చేరుటవలన పప్పు శీఘ్రముగా ఉడుకును. కట్టెపొయ్యి తప్పనిచోట దానిని ఆరుబయటనో, పొగగొట్టముగల చావడిలోనో ఉంచి, పసిపిల్లలను, గర్భిణులను ఆ చోటికి దూరముగా నుంచవలెను. పేడను పిడకగా కాల్చుటకన్న ఎరువుగా పొలమునకు చేర్చుట మేలు. కాలిన పిడకయందలి నత్రజని ఆకాశము పాలగును. నేలకు దక్కునది బూడిద మాత్రమే.

పొగ పొయ్యినుండియే కాక దోమలచుట్టనుండియు వచ్చును. ఒక్క చుట్ట కాలినచో వెలువడు సూక్ష్మధూళి 75 నుండి 137 సిగరెట్ల ధూళికి సమానమని 2003లో ప్రకటితమైన ఒక పరిశీలన తెల్పినది. తలుపులు బిగించుకొని నిద్రించు గదిలో ఇది వంటయింటి పొగకన్న తక్కువ ప్రమాదము కాదు. దోమతెర దీనికి నిరపాయమైన ప్రత్యామ్నాయము.

పేషణి, కండని

విసురురాయి, రోలు – ఈ రెండును ధాన్యమునకు సంబంధించినవి గావున కలిపి విచారించుట యుక్తము. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానము 1906లో నెలకొన్నది. జొన్న, కొర్ర, పత్తి పంటలయందు దాని కృషి ప్రసిద్ధము. అచట రూపొందిన కొర్ర వంగడములలో ఒకదానిపేరు ‘సూర్యనంది’. నవనందులలో ఒక క్షేత్రము పేరును అదియే. నేల, క్షేత్రము, ధాన్యము ఒక్క నామమున కలియుట ఈ ప్రాంతమున కొర్రకు గల స్థానమును తెలుపును. జొన్నరొట్టె, కొర్రన్నము, సద్దసంగటి ఇచటి నిత్యాహారములుగా నుండెడివి. వరి అన్నము నిత్యభోజ్యమైన పిదప ఇవి వెనుకబడినవి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన తరువాత వీనికి మరల గౌరవము కలిగెను.

ధాన్యమును దంచు తీరునకును ఆరోగ్యమునకును గల సంబంధము తెలుగునాటనే స్పష్టమైనది. ఉత్తర సర్కారు జిల్లాలలో మరపట్టిన తెల్లబియ్యమును తినువారిలో బెరిబెరి వ్యాధి కనబడుచుండెను. బియ్యమునకును ఈ వ్యాధికిని గల సంబంధము గూర్చి మెకారిసన్, నారిస్ అనువారు 1924లో తమ పరిశోధనను ప్రకటించిరి. తవుడుతోపాటు థయమిను అను విటమిను పోవుటయే ఈ వ్యాధికి మూలము. దంపుడు బియ్యమునందు ఆ తవుడు కొంత నిలుచును.

ఇంతమాత్రముచే ప్రాచీనమైన తిండి యంతయు నిర్దోషమని భావింపరాదు. జొన్నయే ప్రధానాహారముగా గల దక్కను ప్రాంతపు పేదలలో పెల్లాగ్రా వ్యాధి ఉండెడిది. జొన్నయందు లూసిను అను ఆమ్లము అధికముగా నుండుటకును ఈ వ్యాధికిని సంబంధము గలదని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో ప్రతిపాదించిరి. దోషము జొన్నయందు గాక జొన్న యొక్కటియే తినవలసిన పేదరికమునందున్నది. రొట్టెతోపాటు చింతాకు పప్పు, శనక్కాయల ఊరుబిండి, ఆకుకూర తిను కుటుంబమునకు ఆ భయము లేదు. ఏ ధాన్యమైనను తోడు లేక తినరాదనునదియే దీని సారము.

తిరగలిపాటలు, దంపుళ్ళపాటలు సాహిత్యజ్ఞులకు ప్రీతిపాత్రములు. కాని ఆ పాటలు పొడవుగా నుండుటకు కారణము పని పొడవుగా నుండుటయే. తెల్లవారకమునుపే లేచి జొన్నలు విసరిన చేతుల నొప్పి ఆ పాటలలో కలదు. కావున విసురురాతికి మరలి పోవలెనని నేటి గృహిణికి చెప్పుట న్యాయము కాదు. మరవద్దనే తక్కువ పాలిషు పట్టుమని కోరవచ్చును. సద్దపిండి త్వరగా చేదెక్కును గావున వారమునకు సరిపడు మాత్రమే ఆడించుకొనవచ్చును. వారమునకు రెండుమూడు దినములు అన్నమునకు బదులు కొర్రయో జొన్నయో వండవచ్చును. శ్రమ తగ్గి గుణము నిలుచు మార్గమిది.

ధాన్యమును నిలువజేయు తీరులోను ఇట్టి వివేకమే కావలెను. నేలలో త్రవ్విన పాతరలయందు జొన్నలు నిలువచేయుట పూర్వాచారము. పాతరను తెరచిన వెంటనే లోనికి దిగరాదను నియమమును ఉండెడిది. లోపల నిండిన బొగ్గుపులుసు వాయువు ప్రాణము తీయును. నేడు పాతరలు పోయి పురుగు మాత్రలు వచ్చినవి. గాలి తగిలిన వెంటనే ఫాస్ఫీను అను విషవాయువును వెలువరించు ఈ మాత్రలను మనుష్యులు నిద్రించు గదిలోని బస్తాలయందు ఉంచుట మిక్కిలి ప్రమాదకరము. ఇంటి అవసరమునకు తగిన కొద్ది ధాన్యమునకు ఎండలో బాగుగ ఆరబోయుట, ఎండిన వేపాకు కలుపుట, మూత బిగిగల డబ్బాలో పోయుట చాలును.

పేషణికి మూలమైన శిలను గూర్చియు ఇచట చెప్పవలసియున్నది. ఆళ్ళగడ్డ శిల్పుల ప్రతిమలు సుప్రసిద్ధములు. ఉలికి తోడు కరెంటు రంపములు వచ్చిన తరువాత పని వేగమయ్యెను గాని రాతిధూళియు మిక్కుటమయ్యెను. సిలికాగల రాతి సూక్ష్మధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను వ్యాధిని కలిగించును. ఒకసారి ముదిరినచో ఇది మరలని వ్యాధి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమున ప్రకటనార్హమైన వృత్తివ్యాధులలో దీనిని చేర్చిరి. పనిచోటు ఇంటి ముంగిటనే యున్నచో ఆ ధూళి శిల్పికి మాత్రమే గాక ఇంటిల్లిపాదికిని చేరును. నీరు చిమ్ముచు రాతిని కోయుట, తగిన ముఖకవచము ధరించుట, పనిబట్టలను బయటనే విడిచి వేరుగా ఉతుకుట, ధూళిని పొడిగా ఊడ్వక తడిపి తీయుట – ఇవి ఆ గృహములకు అత్యావశ్యకములు.

ఉపస్కరము

చీపురునకు రాయలసీమలో ‘పొరక’ యనియు, ఊడ్చిన చెత్తకు ‘కసువు’ అనియు వ్యవహారము. అమరకోశమున సమ్మార్జని, శోధని యను పదముల సరసనే ఊడ్చివేయబడిన చెత్తకు ‘సంకర’, ‘అవకర’ అను పదములు చెప్పబడినవి. ‘సంకర’ శబ్దమునకు కలగలుపు అనియు అర్థము గలదు. చెత్త స్వభావమును ఈ ఒక్క పదమే చక్కగా తెలుపుచున్నది. విడిగా నున్నంతవరకు బూడిద బూడిదయే, తొక్క తొక్కయే, కాగితము కాగితమే. ప్రతిదానికి ఒక ఉపయోగము కలదు. కలిసిన పిమ్మటనే అది దేనికిని కొరగాని చెత్త యగుచున్నది.

పూర్వపు గృహమున కసువు స్వభావము వేరు. బూడిద, పేడ, ఆకులు, తొక్కలు దిబ్బకు చేరి, వేసవిలో పొలమునకు ఎరువుగా పోయెడివి. బియ్యము కడిగిన నీరు, గంజి, కూరగాయల తొక్కలు కుడితితొట్టిలో పడి పశువులకు ఆహారమయ్యెడివి. భూతయజ్ఞమునకు ఇంతకన్న సుగమమైన నిత్యరూపము మరియొకటి లేదు. నేడు అవే తొక్కలను ప్లాస్టికు సంచిలో ముడివేసి వీధిలో విసరుటచే, వాసన పసిగట్టిన ఆవు సంచితో సహా మ్రింగుచున్నది. ప్లాస్టికు జీర్ణము కాక, బయటికి పోక, కడుపులో పేరుకొనును. రాయలసీమలోని పుట్టపర్తికి చెందిన కరుణా సొసైటీ పశువుల కడుపులనుండి శస్త్రచికిత్సతో పదుల కిలోల ప్లాస్టికును తీయించి, ఈ విషయమై 2012లో సుప్రీంకోర్టునాశ్రయించెను. గోవునకు తొలిముద్ద పెట్టు ఇంటినుండియే ఈ సంచియు వెలువడుచున్నచో ఆచారము నిలిచి దాని ప్రయోజనము నశించినదని చెప్పక తప్పదు.

తడిచెత్తను, పొడిచెత్తను, ప్రమాదకరమైన వానిని ఇంటివద్దనే వేరుచేయవలెనని 2016 నాటి ఘనవ్యర్థ నిర్వహణ నియమములు విధించినవి. 2022 జులై 1 నుండి ఒకసారి వాడి పారవేయు కొన్ని ప్లాస్టికు వస్తువులు నిషేధింపబడినవి. శాసనము వీధివరకు రాగలదు. వేరుచేయు చేయి మాత్రము ఇంటిలోనే యుండవలెను. పెరడు గల ఇంట గుంటయో, పాత గాబుయో ఉన్నచో తడిచెత్త ఎరువగును. తొక్కలకు రెండింతలు ఎండుటాకులు చేర్చి, వారమునకొకసారి తిరుగవేసినచో దుర్వాసన రాదు. ప్లాస్టికును మాత్రము ఎన్నడును కాల్చరాదు. క్లోరిను గల ప్లాస్టికు కాలినపుడు డయాక్సిన్లు అను తీవ్ర విషపదార్థములు పుట్టును. నీళ్ళపొయ్యిలో పాలసంచులు వేసి మంట పుట్టించు అలవాటు, ఏ రకము ప్లాస్టికో ఎంచి చూడని చోట, చుల్లీదోషమును ఇనుమడింపజేయును.

విస్తళ్ళ విషయమును ఇట్టిదే. నల్లమలలో మోదుగ విరివిగ లభించును. ఆకులు కుట్టిన విస్తరి భోజనానంతరము పశువునకో దిబ్బకో పోవును. ప్లాస్టికు పొర అతికిన కాగితపు విస్తరి చూచుటకు ఆకువలె నుండినను ఆ రెంటిలో దేనికిని పనికిరాదు. మహానంది, అహోబిలముల వంటి అడవియంచు క్షేత్రములకు పోవువారు ఈ భేదమును గుర్తించుట మరింత ఆవశ్యకము.

కళ్ళాపి, ముగ్గు గూర్చి ఒక మాట. బియ్యపుపిండి ముగ్గు చీమలకు ఆహారమగును. రాతిపొడి, రసాయనపు రంగులు కావు. పేడనీళ్ళ కళ్ళాపి మట్టివాకిలిలో దుమ్ము అణచును. కాని పేడ సర్వరోగహరమను భావము సరికాదు. పేడయందు ధనుర్వాత బీజములుండవచ్చును. పుట్టిన శిశువు బొడ్డునకు గాని, గాయమునకు గాని పేడను, పిడక బూడిదను తాకింపరాదు. వాకిటికి తగినది దేహమునకు తగదు.

ఉదకుంభము

నీటిని తేటపరచు పద్ధతులు సంస్కృత వైద్యగ్రంథములలో ప్రత్యేకముగా చెప్పబడినవి. సుశ్రుతసంహిత సూత్రస్థానమున కలుషజలమును తేర్చు ద్రవ్యములలో ‘కతకము’ మొదట పేర్కొనబడినది. తెలుగున ఇది ఇండుప లేక చిల్ల. చిల్లగింజను కడవలోపల అరగదీసినచో బురద క్రిందికి దిగుననుట ప్రసిద్ధము. గింజయందలి కొన్ని పదార్థములు నీటిలో తేలు మట్టికణములను ఒకదానికొకటి అంటునట్లు చేయుటచే అవి బరువెక్కి అడుగు చేరును. అందే వడగట్టుటకు వస్త్రమును గూడ సుశ్రుతుడు చెప్పెను.

అయితే తేటదనము వేరు, నిర్దోషత్వము వేరు. మహానంది కోనేటిలో అడుగున నున్న నాణెము గూడ కనబడునంత తేటనీరు సంవత్సరము పొడుగున ఊరుచుండుటచే తేటనీరే మంచినీరను భావము ఈ ప్రాంతమున బలపడియుండుట సహజము. కాని కలరా, కామెర్లు, విరేచనములు కలిగించు సూక్ష్మజీవులు తేటనీటియందును ఉండగలవు. కావున కాలువ నీటిని మొదట తేర్చి, వడగట్టి, పిదప బుడగలు తెర్లునట్లు మరగించుటయో, తగుపాళ్ళలో క్లోరిను కలుపుటయో చేయవలెను. బురదనీటిలో క్లోరిను సరిగా పనిచేయదు గనుక ఈ క్రమము ముఖ్యము. రాగిబిందెలో నీరు నిలువయుంచు ఆచారమునకు ఆధారము లేకపోలేదు. విరేచనకారకములైన కొన్ని సూక్ష్మజీవులు రాగిపాత్రలో 16 గంటలు నిలిచిన నీటియందు నశించినవని 2012లో బెంగళూరు పరిశోధకులు ప్రకటించిరి. కాని ఒక పూట నిలిపిన మాత్రమున సర్వదోషములు పోవునని దీనిచే సిద్ధింపదు.

కడవలో చేయి ముంచరాదు, ఎంగిలి పాత్ర తగిలింపరాదు అను నియమము ఆరోగ్యశాస్త్రమునకు పూర్తిగా సమ్మతమైనది. పొడవుకాడ గరిటెయో, కొళాయి గల పాత్రయో దీనికి తగిన సాధనము. కాని ఇదే ‘మడి’ యను పేర పుట్టుకను బట్టి మనుష్యులను బావివద్ద నిలిపివేసిన చరిత్రయు కలదు. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము పదునేడవ అధికరణముచే అంటరానితనమును నిషేధించినది. కడవకు శుచి కావలెను. ఆ శుచి కడిగిన చేతులను బట్టియే గాని కులమును బట్టి కాదు.

ఉదకుంభమున నేటి ప్రధాన హింస దోమ రూపమున ఇంటివారికే తగులుచున్నది. కుళాయి నీరు దినము విడిచి దినము వచ్చు చోట్ల గాబులు, డ్రమ్ములు నింపియుంచుట తప్పదు. డెంగ్యూను వ్యాపింపజేయు ఏడిస్ దోమ ఇట్టి నిలువనీటిలోనే పుట్టును. గుడ్డునుండి దోమగా మారుటకు వారము పదిదినములు పట్టును. కావున వారమునకు ఒకనాడు తొట్లను పూర్తిగా వంచి, గోడలు తోమి, ఆరబెట్టి, మూత వేసినచో ఆ చక్రము తెగిపోవును. నీరు మాత్రము పారబోసిన చాలదు. గుడ్లు గోడలకంటుకొని యుండును.

వాడిన నీటికి పెరటి అరటి, కరివేపాకు, కొబ్బరి పూర్వమునుండి నిర్ణయింపబడిన గమ్యములు. మిద్దెపై కురిసిన వానయు విలువైనదే. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో ఒక లీటరు నీరగును. 100 చదరపు మీటర్ల మిద్దెపై 600 మిల్లీమీటర్లు కురిసినచో 60,000 లీటర్లు. ఇందు కొంత ఆవిరియైనను మిగిలినది ఇంకుడుగుంతకు చేరినచో బోరుబావికి ఆదాయమే. కుంకుడుకాయ నురుగు మట్టిలో త్వరగా విరిగిపోవును గనుక దానిని చెట్లకు పోయవచ్చును. కాని ఆ నురుగునకు మూలమైన సపోనిను చేపలకు విషము. కావున కుంకుడు నీరైనను కుంటలోనికో, కుందూలోనికో నేరుగ విడువరాదు. ప్రకృతిసిద్ధమైనంత మాత్రమున ప్రతి వస్తువు ప్రతిచోట నిరపాయము కాదనుటకు ఇది నిదర్శనము.

నిష్కృతి – నేటి అన్వయము

పంచసూనలకు పంచయజ్ఞములు నిష్కృతిగా విధింపబడినట్లు, పై యైదు స్థానములకు ఐదు నిత్యకృత్యములను నిర్దేశింపవచ్చును.

1. చుల్లి: ప్రతి వంటకును మూత, మరిగిన వెంటనే సన్నమంట, పొగ ఇంటిలో నిలువనీయకుండుట.

2. పేషణి: పిండిని వారమునకు తగినంతయే ఆడించుట, రాతిధూళిని తడిపియే తీయుట.

3. ఉపస్కరము: తడి, పొడి కసువును కలిపి ‘సంకరము’ కానీయకుండుట, తొక్కలను సంచితో విసరకుండుట.

4. కండని: తవుడు మిగిలిన బియ్యము, వారమున కొన్ని దినములు కొర్ర లేక జొన్న, ప్రతి ధాన్యమునకు పప్పు, ఆకుకూర తోడు.

5. ఉదకుంభము: తేర్చి, వడగట్టి, మరగించిన నీరు, వారమునకొకసారి ఆరిన తొట్టి, వాడిన నీటికి ఒక చెట్టు.

వీనిని పిల్లలకు కారణసహితముగా నేర్పుటయే నేటి బ్రహ్మయజ్ఞము. పశుపక్ష్యాదులకు శుభ్రమైన శేషమును అందించుట భూతయజ్ఞము. కసువు ఎత్తు పారిశుద్ధ్య కార్మికుని చేతికి పగిలిన గాజును, వాడిన సూదిని చుట్టకుండ అందింపకుండుట మనుష్యయజ్ఞమున చేరవలెను. అన్నిటికన్న ముఖ్యముగా, ఈ యైదు కృత్యములును ఇల్లాలిపై అదనముగా పడిన ఐదు పనులు కారాదు. తొట్టి తోముట, చెత్త వేరుచేయుట, కట్టె తగ్గించుట ఇంటనున్న పురుషులకును, ఎదిగిన పిల్లలకును సమముగా పంచినపుడే ప్రాచీన గణనలోని కొరత తీరును.

ఉపసంహారము

కతకవృక్షము నీటిని తేర్చునదే యైనను దాని పేరు పలికినంత మాత్రమున నీరు తేటపడదను దృష్టాంతము మనుస్మృతి షష్ఠాధ్యాయమున ధర్మప్రసంగమున వచ్చును. బాహ్యచిహ్నములు ధర్మమునకు కారణములు కావనుటకు ఆ దృష్టాంతము చెప్పబడినది. గృహాచారములకును అది వర్తించును. పూర్వుల పద్ధతులు గొప్పవని సభలలో చెప్పుటచే నంద్యాల వీధిలోని ఆవు కడుపున సంచి కరుగదు. ఆళ్ళగడ్డ శిల్పి ఇంట ధూళి తగ్గదు. గింజను అరగదీసినట్లే అలవాటును నిత్యము ఆచరింపవలెను. దేనిని ఆచరింపవలెనో, దేనిని విడువవలెనో తెలియుటకు పంచసూనల లెక్క నేటికిని ఉపకరించుచున్నది.